కన్నును అన్ని కోణాల నుంచి గీయడం: అభ్యాసకులకు సమగ్ర మార్గదర్శి

పెన్సిల్‌తో ముఖచిత్రాలు గీయడం మొదలుపెట్టినవారిలో చాలామంది ఎదురుగా చూస్తున్న కన్నును తొందరగానే పట్టుకుంటారు. అదే ముఖం కాస్త పక్కకు తిరిగినా, గడ్డం పైకెత్తినా, తల వంచుకున్నా చెయ్యి ఆగిపోతుంది. అప్పటిదాకా వారు కాగితం మీద వేస్తూ వచ్చినది బాదంపప్పు ఆకారంలో ఒక గీత, దాని నడుమ ఒక వృత్తం. ఆ గీత ఒక్క కోణానికే పనికివస్తుంది. కోణం మారగానే దాన్ని ఎటు సాగదీయాలో, ఎక్కడ కుదించాలో తెలియక ఊహతో సర్దుతారు. కన్ను అంటే ఎముకల గుంటలో కూర్చున్న గోళమనీ, దానిమీద మందమున్న రెండు రెప్పలు కప్పుకుని ఉంటాయనీ గుర్తుపెట్టుకుని గీసేవారికి ఈ ఇబ్బంది ఉండదు. గోళం ఎటునుంచి చూసినా వృత్తంగానే కనిపిస్తుంది కాబట్టి ఏ కోణంలోనైనా పని అక్కడే మొదలవుతుంది.

ఈ మార్గదర్శి అంతటికీ ఆధారమైన సూత్రం ఒకటే. తల తిరిగినప్పుడు రెప్పల ఆకారం మారుతుంది. చూపు తిరిగినప్పుడు నల్లగుడ్డు ఆకారం మారుతుంది. తల ఎటు తిరిగిందో, చూపు ఎటు తిరిగిందో విడివిడిగా నిర్ణయించుకున్న తరువాతే పెన్సిల్‌ను కాగితానికి ఆనించాలి. అభ్యాసకుల బొమ్మల్లో కనిపించే తప్పుల్లో చాలాభాగం ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చేవే. ఇక్కడ తెల్లగుడ్డు అంటే కంటి తెల్లటి భాగం, నల్లగుడ్డు అంటే రంగున్న ఐరిస్, కనుపాప అంటే దాని నడిమి రంధ్రం.

ముందుగా తెలుసుకోవలసిన కొలతలు

పెద్దవారి కనుగుడ్డు వ్యాసం సుమారు 24 మిల్లీమీటర్లు. నల్లగుడ్డు వ్యాసం సుమారు 12 మి.మీ., అంటే గుడ్డు వ్యాసంలో సగం. లోపలి కొలికి నుంచి బయటి కొలికి వరకు కన్ను వెడల్పు 28 నుంచి 30 మి.మీ. ఉంటుంది, మామూలుగా తెరిచి ఉన్నప్పుడు రెండు రెప్పల మధ్య ఎత్తు సుమారు 10 మి.మీ. కనుపాప వెలుగును బట్టి 2 నుంచి 8 మి.మీ. వరకు మారుతూ ఉంటుంది. రెప్ప అంచు మందం దాదాపు 2 మి.మీ. పుట్టిన బిడ్డ కనుగుడ్డు 16, 17 మి.మీ.లు ఉండి, నల్లగుడ్డు మాత్రం రెండేళ్ళు నిండేసరికే ఇంచుమించు పెద్దవారి పరిమాణానికి చేరుకుంటుంది. పసిపిల్లల ముఖంలో నల్లగుడ్డు అంత పెద్దదిగా, తెల్లగుడ్డు అంత తక్కువగా కనిపించడానికి ఇదే కారణం.

కొలతల కంటే ముఖ్యమైన నిర్మాణ విశేషాలు రెండున్నాయి. మొదటిది, కనుగుడ్డు నిఖార్సైన గోళం కాదు. నల్లగుడ్డుకు ముందు ఉండే పారదర్శకమైన కార్నియా, మిగిలిన గుడ్డు కంటే ఎక్కువ వంపు తిరిగి ముందుకు ఉబికి ఉంటుంది. ఒక కన్ను మూసి, ఆ రెప్ప మీద వేలికొనను మృదువుగా ఆనించి, తెరిచి ఉన్న రెండో కంటితో ఎడమకూ కుడికీ చూడండి. వేలి కింద ఆ ఉబ్బు జరగడం తెలుస్తుంది. చూపు ఎటు పోతే అటు ఈ ఉబ్బు రెప్పను లోపలి నుంచి ఎత్తుతుంది, కాబట్టి రెప్ప గీతలోని ఎత్తైన చోటు కూడా చూపుతో పాటు కొంచెం జరుగుతుంది.

రెండో విశేషాన్ని చాలా పాఠాల్లో వదిలేస్తారు గానీ, కోణాలు మారినప్పుడు అక్కరకు వచ్చేది అదే. బయటి కొలికి లోపలి కొలికి కంటే వెనక ఉంటుంది. కంటి గుంటకు బయటివైపున్న ఎముక అంచు ముక్కువైపు అంచు కంటే బాగా వెనక్కి ఉండటం వల్ల కన్ను తెరుచుకున్న తలం నేరుగా ముందుకు కాక కాస్త బయటికి తిరిగి ఉంటుంది. మనిషిని బట్టి ఈ వాలు మారుతుంది. గీయడానికి సుమారు 15 డిగ్రీలని పెట్టుకుంటే సరిపోతుంది. అద్దం ముందు పక్కకు తిరిగి, చేతిలో మరో చిన్న అద్దం పట్టుకుని మీ ప్రొఫైల్‌ను, అంటే పక్క నుంచి కనిపించే ముఖాన్ని చూసుకుంటే బయటి కొలికి ఎంత వెనక ఉందో స్పష్టంగా కనిపిస్తుంది.

బంతితో ఒక నమూనా

ఫొటోల జోలికి పోయే ముందు ఒక నమూనా తయారుచేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. టేబుల్ టెన్నిస్ బంతి వ్యాసం 40 మి.మీ. దానిమీద 20 మి.మీ. వ్యాసంతో ఒక వృత్తం గీసి స్కెచ్ పెన్నుతో గోధుమరంగు నింపి, నడుమ 6, 7 మి.మీ. నల్లచుక్క పెట్టండి. సీసా మూత మీద బంతిని కూర్చోబెట్టండి. చపాతీ పిండినో, పిల్లలు ఆడుకునే క్లేనో 3 మి.మీ. మందంతో ఒత్తి రెండు పట్టీలుగా కోసి, పై రెప్పకు ఒకటి, కింది రెప్పకు ఒకటి బంతికి చుట్టండి. రెండు పట్టీలూ కలిసే బయటి కొలికిని వేలితో వెనక్కి నొక్కండి, లోపలి కొలికిని బంతి అంచు దాటి కొంచెం ముందుకు లాగండి.

ఈ నమూనాను కళ్ళ ఎత్తులో ఒక అలమరా మీద పెట్టి దాని చుట్టూ నడిచి చూస్తే రెప్పల ఆకారం ఎలా మారుతుందో తెలుస్తుంది. తరువాత మీరు ఒకేచోట నిలబడి, రెప్పలను కదపకుండా లోపలి బంతిని మాత్రం వేలితో తిప్పితే నల్లగుడ్డు ఎలా మారుతుందో తెలుస్తుంది. తల కదలిక, చూపు కదలిక వేరువేరన్న సంగతి ఇంత సూటిగా చూపించే సాధనం మరొకటి లేదు. ప్రతి కోణాన్నీ ముందు ఈ నమూనా చూసి నాలుగైదు చిన్న బొమ్మలుగా వేసుకుని, ఆ తరువాతే మనిషిని చూసి గీయడం మేలు.

సామగ్రి గురించి ఎక్కువగా ఆలోచించనక్కరలేదు. హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్ళు (ఈ వరుసలో ముందుకు పోయేకొద్దీ మెత్తగా, ముదురుగా గీసేవి), నొక్కితే మెత్తగా సాగే నీడబుల్ ఎరేజర్, నున్నటి డ్రాయింగ్ కాగితం చాలు. స్కేలు, కంపాస్ మొదటి కొద్ది రోజులకే. చేతికి కొలత అలవాటయ్యాక వాటిని పక్కన పెట్టేయాలి.

ఎదురుగా కనిపించే కన్ను

అసలు కంటికి రెట్టింపు పరిమాణంలో గీద్దాం. లెక్క తేలికగా ఉంటుంది, చెయ్యి కూడా స్వేచ్ఛగా కదులుతుంది. బొమ్మలోని వ్యక్తి ఎడమ కన్నును, అంటే మనకు కుడివైపు కనిపించే కన్నును తీసుకుందాం. అప్పుడు ముక్కు మనకు ఎడమవైపు ఉంటుంది.

మొదటి మెట్టు: హెచ్‌బీ పెన్సిల్‌తో, ఒత్తిడి లేకుండా, 48 మి.మీ. వ్యాసంతో ఒక వృత్తం గీయండి. దాని కేంద్రం మీదుగా ఒక అడ్డగీత, ఒక నిలువుగీత వేయండి.

రెండో మెట్టు: అడ్డగీత వెంట ఎడమవైపు వృత్తం దాటి 8 మి.మీ. దూరంలో, గీతకు 2 మి.మీ. కిందుగా లోపలి కొలికిని గుర్తించండి. కుడివైపు వృత్తం దాటి 3 మి.మీ. దూరంలో, గీతకు 2 మి.మీ. పైన బయటి కొలికిని గుర్తించండి. చాలామందిలో బయటి కొలికి లోపలి కొలికి కంటే కొంచెం ఎత్తులో ఉంటుంది. మీరు గీస్తున్న వ్యక్తిలో రెండూ సమానంగా ఉన్నా, బయటిది కిందికి వాలినా చూసినదే గీయాలి. ఈ ఎత్తుల తేడాలోనే పోలిక ఉంటుంది.

మూడో మెట్టు: అదే కేంద్రం నుంచి 24 మి.మీ. వ్యాసంతో నల్లగుడ్డు వృత్తాన్ని పూర్తిగా గీయండి. పైభాగం రెప్ప కింద దాగిపోతుంది కదా అని సగమే గీస్తే వంపు తప్పుతుంది.

నాలుగో మెట్టు: పై రెప్ప నల్లగుడ్డు పైభాగాన్ని సుమారు 3 మి.మీ. మేర కప్పేలా వస్తుంది. లోపలి కొలికి నుంచి గీత నిటారుగా లేచి, కేంద్రానికి కాస్త ముక్కువైపే తన ఎత్తైన చోటును చేరుకుని, అక్కడి నుంచి నిదానంగా బయటి కొలికికి దిగుతుంది. కింది రెప్ప దీనికి వ్యతిరేకంగా నడుస్తుంది: అది నల్లగుడ్డు అడుగును తాకుతూ వెళ్ళి, కేంద్రానికి బయటివైపున తన లోతైన చోటును చేరుకుని, అక్కడి నుంచి కొలికికి లేస్తుంది. పైన ఎత్తైన చోటునూ కింద లోతైన చోటునూ కలిపితే ఏటవాలు గీత రావాలి. ఆ గీత నిలువుగా వచ్చిందంటే రెండు రెప్పలూ ఒకే మాదిరిగా పడ్డాయని అర్థం. బొమ్మ కన్ను నిర్జీవంగా కనిపించడానికి మొదటి కారణం అదే.

ఐదో మెట్టు: రెప్పలకు మందం ఇవ్వాలి. కింది రెప్ప పై అంచు తడిగా, వెలుగు పడే సన్నని పట్టీగా కనిపిస్తుంది. ఈ పరిమాణంలో దాని వెడల్పు 3, 4 మి.మీ. ఉంటుంది. పై రెప్ప అంచు కిందికి తిరిగి ఉంటుంది కాబట్టి అది నీడలో ఉండి పలుచటి ముదురు గీతగానే తెలుస్తుంది. లోపలి కొలికిలో గులాబీ రంగు కండ చిన్న ముద్దలా ఉంటుంది. రెప్పలు దాని చుట్టూ తిరిగి వస్తాయి, కాబట్టి లోపలి కొలికి సూదిగా కాక కొంచెం గుండ్రంగా ముగియాలి. పై రెప్ప మడతను రెప్ప గీతకు సమాంతరంగా గీయకూడదు. అది లోపలి కొలికి దగ్గర రెప్పకు చేరువగా మొదలై, నడుమ దూరమై, బయటివైపు మళ్ళీ దగ్గరవుతుంది. కొందరిలో ఆ మడత పూర్తిగా కప్పబడి ఉంటుంది, కొందరిలో లోపలి కొలికి మీదుగా చర్మం దిగి ఉంటుంది.

ముఖంలో ఈ కన్నును ఎక్కడ ఉంచాలన్నది మరో ప్రశ్న. నడినెత్తి నుంచి గడ్డం దాకా ఉన్న ఎత్తులో కళ్ళు ఇంచుమించు సగంలో ఉంటాయి. రెండు కళ్ళ మధ్య సుమారుగా మరో కన్ను పట్టేంత చోటుంటుంది. మన తెలుగువారిలో చాలామందికి బొమ్మల మీద ఇష్టం బాపు బొమ్మలతో మొదలవుతుంది. ఆయన గీసిన విశాలమైన కళ్ళు గీత అందం కోసం, భావం కోసం పెంచినవి. వాటిని ఎంతగా ప్రేమించినా వాస్తవిక చిత్రానికి ఆ నిష్పత్తి తెచ్చుకోకూడదు. ముందు అసలు కొలత చేతికి వస్తే, ఎక్కడ ఎంత పెంచాలో తరువాత మీకే తెలుస్తుంది.

త్రీ క్వార్టర్ కోణం

తల 45 డిగ్రీలు పక్కకు తిరిగిన భంగిమ ముఖచిత్రాల్లో తరచుగా కనిపిస్తుంది, నేర్చుకునేవారిని ఎక్కువగా తికమక పెట్టేదీ అదే. ఇందులో రెండు కళ్ళూ ఒకేలా ఉండవు. ఒక కన్ను గీసి, దాన్నే కుదించి రెండోదిగా వేయడం వల్ల ముఖం విరిగినట్లు కనిపిస్తుంది.

వ్యక్తి తన కుడివైపుకు, అంటే మనకు ఎడమవైపుకు తిరిగాడనుకుందాం. అతని ఎడమ కన్ను మనకు దగ్గరిది, కుడి కన్ను దూరపుది. కన్ను తెరుచుకున్న తలం 15 డిగ్రీలు బయటికి తిరిగి ఉంటుందని పైన చెప్పుకున్నాం కదా. దగ్గరి కంటి తలం ఆ వాలు వల్ల మనవైపుకు తిరుగుతుంది. అది మన చూపుకు సుమారు 30 డిగ్రీలే పక్కకు ఉన్నట్లు లెక్క. దూరపు కంటి తలం అదే వాలు వల్ల మననుంచి ఇంకా అవతలికి పోయి, దాదాపు 60 డిగ్రీలు తిరుగుతుంది. ఎదురుగా 59 మి.మీ. (వృత్తం 48, దానికి అటూ ఇటూ 8, 3) ఉన్న వెడల్పు దగ్గరి కంటికి 50 మి.మీ.లకు కొంచెం పైన, దూరపు కంటికి 30 మి.మీ. దగ్గర పడుతుంది. ఈ అంకెలను కంఠస్థం చేయనక్కరలేదు. దగ్గరి కన్ను కొద్దిగానే కురచవుతుందనీ, దూరపు కన్ను ఇంచుమించు సగానికి పడిపోతుందనీ గుర్తుంటే చాలు.

గీయడం ఇక్కడ కూడా 48 మి.మీ. వృత్తాలతోనే మొదలవుతుంది, రెండు కళ్ళకూ రెండు వృత్తాలు. తల వాలును బట్టి ఒకే సరళరేఖ మీద రెండు కేంద్రాలూ ఉండాలి. చూపు కూడా తలతో పాటే 45 డిగ్రీలు తిరిగి ఉంటే నల్లగుడ్డు నిలువుగా నిలబడిన దీర్ఘవృత్తమవుతుంది: ఎత్తు 24 మి.మీ. అలాగే ఉండి, వెడల్పు 17 మి.మీ.లకు తగ్గుతుంది. దాని కేంద్రం గుడ్డు కేంద్రం నుంచి మనకు ఎడమవైపుకు సుమారు 15 మి.మీ. జరుగుతుంది. అప్పుడు నల్లగుడ్డు ఎడమ అంచు గుడ్డు అంచును దాదాపు తాకుతుంది. తిరుగుడు 30 డిగ్రీలే అయితే వెడల్పు 21 మి.మీ., 60 డిగ్రీలైతే సగం, అంటే 12 మి.మీ. కనుపాప కూడా అదే నిష్పత్తిలో సన్నబడాలి; దీర్ఘవృత్తంలో గుండ్రటి కనుపాప పెట్టడం అభ్యాసకుల బొమ్మల్లో నేను తరచుగా చూసే పొరపాటు.

ఇప్పుడు రెప్పలు. దగ్గరి కంట్లో పై రెప్ప లోపలి కొలికి నుంచి కొద్ది దూరంలోనే ఎత్తుకు చేరుకుని, అక్కడి నుంచి బయటి కొలికి వరకు పొడవైన వాలుగా దిగుతుంది. బయటి కొలికి దగ్గర పై రెప్ప కింది రెప్ప మీదుగా కొంచెం దాటి ఆగుతుంది. ఈ చిన్న దాటును చూపిస్తే రెప్ప గుడ్డును చుట్టుకుందన్న భావన వస్తుంది. దూరపు కంట్లో ముక్కు దూలం లోపలి కొలికిని కొంతమేర గానీ పూర్తిగా గానీ కప్పేస్తుంది. అందుకే ముందు ముక్కు దూలం గీతను వేసుకుని, దాని వెనక నుంచి కన్ను బయటికి వచ్చినట్లు గీయాలి. ఇక్కడ పై రెప్ప నిదానంగా లేచి, ఎత్తైన చోటును దాటగానే నిటారుగా పడిపోతుంది, ఎందుకంటే బయటి సగం గుడ్డు వంపు మీదుగా అవతలికి మళ్ళిపోతుంది. తల ఇంకొంచెం తిరిగితే దూరపు కంటి రెప్ప వెంట్రుకలు ముఖపు అంచును దాటి వెనక ఉన్న ఖాళీలోకి పొడుచుకు వస్తాయి.

తల తిరిగి ఉన్నా చూపు మనవైపే ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు రెండు నల్లగుడ్లూ గుండ్రటి వృత్తాలే. రెప్పలు మాత్రం త్రీ క్వార్టర్‌లోనే ఉంటాయి. దగ్గరి కంట్లో నల్లగుడ్డు బయటి కొలికి వైపు జరిగి, ముక్కువైపు తెల్లగుడ్డు ఎక్కువగా కనిపిస్తుంది. దూరపు కంట్లో నల్లగుడ్డు ముక్కు దూలానికి దగ్గరవుతుంది. స్టూడియో ఫొటోల్లో మనుషులు కూర్చునేది ఎక్కువగా ఈ భంగిమలోనే కాబట్టి దీన్ని ప్రత్యేకంగా సాధన చేయాలి.

ప్రొఫైల్

పూర్తిగా పక్క నుంచి చూసినప్పుడు కన్ను ముందువైపు తెరుచుకున్న ముక్కోణంలా ఉంటుంది. ప్రాచీన ఈజిప్టు గోడచిత్రాల్లో పక్కకు తిరిగిన ముఖం మీద ఎదురుగా చూసే కన్ను ఉంటుంది. అక్కడ అది ఆ సంప్రదాయపు నియమం. వాస్తవికంగా గీయాలనుకునేవారి చేతిలో మాత్రం అది తెలియకుండానే జరిగిపోతుంది, ఎందుకంటే మన మనసు కన్నును ఎప్పుడూ ఎదురుగానే ఊహించుకుంటుంది.

వృత్తం వేసి, దాని ముందుభాగాన నల్లగుడ్డు ఉండే చోట కార్నియా ఉబ్బును 3 మి.మీ. మేర బయటికి చూపించండి. ఆ ఉబ్బు కొస నుంచి బయటి కొలికి వరకు దూరం గుడ్డు వ్యాసంలో సుమారు సగమే, అంటే ఈ పరిమాణంలో 24 మి.మీ. దీన్ని ఎక్కువగా పొడిగించడం వల్లనే ప్రొఫైల్ కళ్ళు చెవివైపు సాగిపోయినట్లు కనిపిస్తాయి. పై రెప్ప అంచు కింది రెప్ప అంచు కంటే ముందుకు ఉంటుంది; రెండింటినీ కలుపుతూ ఒక గీత ఊహించుకుంటే అది కిందికి వచ్చేకొద్దీ వెనక్కి వాలాలి. రెప్పల మందం స్పష్టంగా కనిపించేది ఈ కోణంలోనే, కాబట్టి రెండు రెప్పల అంచులూ కత్తిరించినట్లుగా, మందంగా ముగియాలి.

నల్లగుడ్డు ఇక్కడ సన్నని దీర్ఘవృత్తం, కనుపాప దానిలో ముందువైపుకు ఉండే నిలువు గీతలాంటిది. ఉబ్బిన కార్నియాకూ దాని వెనకున్న నల్లగుడ్డుకూ మధ్య పారదర్శకమైన ఖాళీ ఒకటి ఉంటుంది. ఆ ఖాళీని నల్లగా నింపకుండా తేలికగా వదిలేస్తే కంటికి లోతు వస్తుంది. ముక్కు దూలానికీ కంటికీ మధ్య కొంత చోటు వదలాలి. కన్ను ముక్కు గీతకు అతుక్కుపోతే ముఖం బల్లపరుపుగా మారిపోతుంది.

కింది నుంచి, పై నుంచి

గడ్డం పైకెత్తిన ముఖాన్ని కింది నుంచి చూస్తున్నప్పుడు ముందుకున్నవి పైకీ, వెనకున్నవి కిందికీ జరిగినట్లు కనిపిస్తాయి. కొలుకులు వెనక ఉంటాయి కాబట్టి అవి దిగుతాయి, బయటి కొలికి మరింతగా దిగుతుంది. పై రెప్ప బాగా విల్లులా వంగుతుంది. కింది రెప్ప వంపు చదునై, కోణం పెరిగితే అది కూడా పైకే వంగుతుంది. పై రెప్ప అంచు అడుగుభాగం కనిపిస్తుంది, కింది రెప్ప తడి పట్టీ మాయమవుతుంది. కనుబొమ ఎముక కంటి కంటే ముందుకు ఉన్నందువల్ల కనుబొమకూ కంటికీ మధ్య దూరం పెరిగి, ఆ ఎముక కింది భాగం కనిపిస్తుంది.

తల వంచిన ముఖంలో అన్నీ తారుమారవుతాయి. కనుబొమ కిందికి దిగి పై రెప్పను సమీపిస్తుంది, బయటి కొలుకులు లేస్తాయి, పై రెప్ప అంచు చదునుగా గానీ కిందికి వంగి గానీ ఉంటుంది, కింది రెప్ప లోతైన వంపు తిరుగుతుంది. కింది రెప్ప తడి పట్టీ ఈ కోణంలో వెడల్పుగా కనిపిస్తుంది.

తల వంచడం వేరు, తల నిటారుగా ఉంచి చూపు మాత్రమే దించడం వేరు. చూపు దించినప్పుడు పై రెప్ప నల్లగుడ్డుతో పాటే దిగివస్తుంది, దాని మడత సాగి మాసిపోతుంది, రెప్ప చర్మం మీద కార్నియా ఉబ్బు మెత్తటి వెలుగుగా తెలుస్తుంది. కనుబొమ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పుస్తకం చదువుకుంటున్న మనిషిని గీసేటప్పుడు ఈ రెండూ కొంత కొంత కలిసి ఉంటాయి. ఏది ఎంత ఉందో కనుబొమకూ రెప్పకూ మధ్య దూరాన్ని చూసి తేల్చుకోవచ్చు. పైకి చూసినప్పుడు పై రెప్ప ముడుచుకుని మడత లోతవుతుంది, నల్లగుడ్డు కింద తెల్లగుడ్డు బయటపడుతుంది. ఈ పైకీ కిందికీ చూసే చూపుల్లో రెప్ప కూడా చూపుతో పాటు కదులుతుందన్నది మొదట్లో చెప్పిన సూత్రానికి ఉన్న ముఖ్యమైన మినహాయింపు.

వెలుగునీడలు

తెల్లగుడ్డును తెల్లగా వదిలేయకూడదు. అది గోళం కాబట్టి రెండు కొలుకుల వైపూ బూడిద రంగులోకి దిగుతుంది. పై రెప్ప నీడ దాని పైభాగం మీద, నల్లగుడ్డు పైభాగం మీద ఒకే పట్టీగా పడుతుంది. ఆ నీడ గుడ్డు వంపును అనుసరించి వంగాలి. హెచ్‌బీతో తేలికపాటి పొరలుగా దీన్ని వేసుకుంటే చాలు, ఎక్కడా ముదురు చేయనక్కరలేదు.

నల్లగుడ్డు మీద వెలుగు రెండు చోట్ల తెలుస్తుంది. దీపం పై ఎడమవైపు ఉంటే మెరుపు చుక్క కార్నియా మీద పై ఎడమవైపునే పడుతుంది. కార్నియా గుండా లోపలికి వెళ్ళిన వెలుగు మాత్రం కింది కుడివైపున నల్లగుడ్డును వెలిగిస్తుంది. మెరుపు ఒక మూల, కాంతి దానికి ఎదురు మూల. ఈ ఒక్క సంగతి పాటిస్తే కన్ను పారదర్శకంగా కనిపిస్తుంది. మెరుపు చుక్క స్థానం దీపాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఒకే దీపం కింద రెండు కళ్ళలోనూ అది ఇంచుమించు ఒకే వైపున ఉండాలి. రెండు కళ్ళలో అద్దంలో ప్రతిబింబంలా ఎదురెదురుగా పెట్టకూడదు.

మనవారి కళ్ళు ఎక్కువగా ముదురు గోధుమరంగువి. పెన్సిల్ బొమ్మలో వాటిని 6బీతో ఏకరీతిగా నల్లగా నింపేస్తే రంధ్రాల్లా కనిపిస్తాయి. నల్లగుడ్డును 2బీ, 4బీలతో వేసి కనుపాపకు మాత్రమే 6బీ వాడి, వెలుగున్న మూలను నీడబుల్ ఎరేజర్‌తో కొద్దిగా ఎత్తాలి. నల్లగుడ్డు బయటి అంచును కంపాస్‌తో గీసినట్లు కరుకుగా వదలకుండా తెల్లగుడ్డులోకి కాస్త కరిగిపోనివ్వాలి.

ఇంకొక జాగ్రత్త. కింది రెప్ప తడి పట్టీ వెలుగుతుందని పైన చెప్పాను. కాటుక పెట్టుకున్న కంటికి అది వర్తించదు, ఎందుకంటే కాటుక పెట్టేది సరిగ్గా ఆ పట్టీ మీదే. అక్కడ ముదురు గీత వేసి, గుడ్డుకూ ఆ గీతకూ మధ్య తడి మెరుపును అక్కడక్కడ సన్నగా వదలాలి. కాటుక కింద చర్మం మీదికి అద్దుకున్నట్లున్న లేత నీడను కూడా వదలకుండా వేస్తే బొమ్మ సహజంగా ఉంటుంది.

రెప్ప వెంట్రుకలను చివరన గీయాలి. అవి రెప్ప ముందు అంచు నుంచి మొలుస్తాయి, తడి పట్టీ నుంచి కాదు. పై రెప్పవి మొదట ముందుకూ కిందికీ వచ్చి తరువాత పైకి వంగుతాయి. ఎదురుగా చూసినప్పుడు నడిమివి మనవైపే వస్తాయి కాబట్టి పొట్టిగా, బయటి కొలికి దగ్గరివి పొడుగ్గా కనిపిస్తాయి. ప్రొఫైల్‌లో అన్నీ ముందుకే పోతాయి. రెండు మూడు వెంట్రుకలు కొసల దగ్గర కలిసిపోయి గుంపులుగా ఉంటాయి, సమాన దూరంలో ఉండవు. ప్రతి వెంట్రుకనూ మొదట్లో ఒత్తి, కొసకు వచ్చేసరికి పెన్సిల్ ఎత్తేస్తూ ఒకే ఊపులో లాగాలి.

సాధన ఎలా చేయాలి

ఒక పేజీని తొమ్మిది గళ్ళుగా విభజించుకోండి. నడిమి గడిలో ఎదురుగా ఉన్న కన్ను, దానికి అటూ ఇటూ రెండు త్రీ క్వార్టర్‌లు, పై వరుసలో గడ్డం ఎత్తినవి, కింది వరుసలో తల వంచినవి గీయండి. పై, కింది వరుసల మూలల్లో పక్కకు తిరగడం, ఎత్తడం లేదా వంచడం రెండూ కలుస్తాయి. ప్రతి గడిలోనూ చూపును తల దిశలోనే ఉంచండి. రెండో పేజీలో అవే తొమ్మిది తల భంగిమలకు చూపు మాత్రం మనవైపే ఉండేలా గీయండి. ఈ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెప్పలు చాలావరకు అలాగే ఉండి నల్లగుడ్లు ఎలా మారాయో కనిపిస్తుంది. ఎత్తిన, వంచిన వరుసల్లో పై రెప్ప చూపుతో పాటు జరగడం కూడా అప్పుడే గమనానికి వస్తుంది.

ఇంట్లో వాళ్ళను ఫొటో తీసి గీసేటప్పుడు ఫోన్‌ను ముఖానికి మరీ దగ్గరగా పెట్టకూడదు. దగ్గరి నుంచి తీసిన ఫొటోలో ముక్కు ఉబ్బిపోయి, కళ్ళు పక్కలకు మళ్ళినట్లు వంకరపోతాయి. కనీసం ఒకటిన్నర మీటరు దూరం నుంచి, ఫోన్‌లో రెండు రెట్ల జూమ్ పెట్టి తీస్తే ఆకారం నమ్మదగినదిగా ఉంటుంది. ఫ్లాష్ వేయవద్దు, అది నీడలన్నీ చెరిపేస్తుంది. పగటిపూట కిటికీ పక్కన కూర్చోబెడితే ఒకే వైపు నుంచి వెలుగు పడి పైన చెప్పుకున్న నీడలన్నీ స్పష్టంగా కనిపిస్తాయి.

గీసిన బొమ్మను సరిచూసుకోవడానికి దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి, ఎడిట్‌లో కుడి ఎడమలు తారుమారయ్యేలా తిప్పి చూడండి. అలవాటైన చూపుకు దొరకని ఒంకర వెంటనే దొరుకుతుంది. తప్పు కనబడగానే నల్లగుడ్డును చెరిపి పక్కకు జరపాలనిపిస్తుంది, కానీ చాలాసార్లు దోషం అక్కడ ఉండదు. పలుచటి కాగితాన్ని బొమ్మ మీద పరిచి, రెండు గుడ్ల వృత్తాలనూ మళ్ళీ వేసి, వాటి కేంద్రాలు తల వాలుకు సరిపడే ఒకే రేఖ మీద ఉన్నాయో లేదో ముందు చూడండి. తరువాత కొలుకులు, ఆ తరువాత రెప్పల ఎత్తైన చోట్లు, చివరికి నల్లగుడ్డు: ఏ వరుసలో గీశామో అదే వరుసలో సరిచూసి, మొదటగా తప్పిన చోటు నుంచి తిరిగి గీయండి.